రెండో దారి: లూయిస్ పిల్లెమర్, ప్రాపర్డిన్ కథ

రోగనిరోధక శాస్త్ర చరిత్ర – 6వ భాగం

గత భాగంలో: 1890లలో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ జూల్స్ బోర్డే ఒక విషయం తేల్చాడు. సీరంలో రెండు పదార్థాలు చేయి కలిపితేనే క్రిమి చస్తుంది. వాటిలో ఒకటి వేడిని తట్టుకునే యాంటీబాడీ. రెండోది 56 డిగ్రీల దగ్గరే చెడిపోయేది, పాల్ ఎర్లిక్ కాంప్లిమెంట్ అని పిలిచింది. యాంటీబాడీ ముందు క్రిమిని పట్టుకోవాలి, కాంప్లిమెంట్ ఆ తర్వాతే పనికి దిగుతుంది. యాభై ఏళ్ళ పాటు విద్యార్థులకు చెప్పిన పాఠం ఇదే.

యాంటీబాడీ అక్కర్లేదన్న వ్యాసం

1954 ఆగస్టు 20 నాటి ‘సైన్స్’ పత్రికలో ఏడు పేజీల వ్యాసం ఒకటి వచ్చింది. రాసినవాళ్ళు ఆరుగురు. మొదటి పేరు లూయిస్ పిల్లెమర్‌ది. అమెరికాలో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో ఉన్న వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో ఆయన ప్రయోగశాల ఉండేది. మనిషి సీరంలో ఇంతవరకూ ఎవరి కంటా పడని ప్రోటీన్ ఒకటి ఉందని ఆ వ్యాసం ప్రకటించింది. కాంప్లిమెంట్‌నూ మెగ్నీషియంనూ తోడు చేసుకుని అది కొన్ని బాక్టీరియాలను చంపుతుంది, కొన్ని వైరస్‌లను పనికిరాకుండా చేస్తుంది, కొన్ని రకాల ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఆ ప్రోటీన్‌కు ప్రాపర్డిన్ అని పేరు పెట్టారు.

కొత్త ప్రోటీన్లు అప్పుడప్పుడూ దొరుకుతూనే ఉంటాయి, అందులో పెద్ద వింత లేదు. చదివినవాళ్ళను ఉలిక్కిపడేలా చేసింది ఇంకో మాట. ఈ పనికి యాంటీబాడీ అక్కర్లేదని పిల్లెమర్ అన్నాడు. అంటే అంతకుముందు ఆ క్రిమి సోకి ఉండాల్సిన పనిలేదు, టీకా వేసుకుని ఉండాల్సిన పనీ లేదు. పుట్టుకతోనే ఉన్న రక్షణ ఇది, ఏ క్రిమి వచ్చినా సిద్ధంగా ఉంటుంది. బోర్డే చూపించిన దారి పక్కనే ఇంకో దారి ఉందని దీని అర్థం.

ఈ మాట అన్నవాడు ఊరూ పేరూ లేనివాడేం కాదు. పిల్లెమర్ 1908లో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో పుట్టాడు. మరుసటి ఏడాదే కుటుంబం అమెరికాలోని కెంటకీకి వలస వచ్చింది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేసి, అక్కడే వైద్యంలో చేరి, పూర్తికాకుండానే మానేశాడు. తర్వాత వెస్టర్న్ రిజర్వ్‌లో ఎన్రిక్ ఎకర్ దగ్గర పరిశోధన చేసి 1938లో పిహెచ్‌డి అందుకున్నాడు. ప్రోటీన్లను శుద్ధి చేయడంలో ఆయన చేయి తిరిగినవాడు. ధనుర్వాతం కలిగించే విషాన్ని స్ఫటికాల రూపంలో వేరుచేసిన ఘనత కూడా, 1946లో, ఆయన బృందానిదే. అలాంటి మనిషి చెబుతున్నాడు కనుక శాస్త్రలోకం చెవి ఒగ్గింది.

పదిహేడు డిగ్రీల కిటుకు

పిల్లెమర్‌ను ఈ దారి పట్టించింది ఈస్ట్. రొట్టెల పిండిని పొంగించే ఈస్ట్‌ను సీరంలో కలిపితే కాంప్లిమెంట్ దెబ్బతింటుందని 1910ల నుంచే తెలుసు. ఈస్ట్ కణాల గోడల నుంచి తీసిన, నీటిలో కరగని జైమోసాన్ అనే పదార్థంతో పిల్లెమర్, ఎకర్ 1940లలో పనిచేశారు. కాంప్లిమెంట్ భాగాల్లో జైమోసాన్ ముఖ్యంగా ఒకదాన్నే మాయం చేస్తుంది. దాని పేరు సి3.

ఎలా మాయం చేస్తుంది? జైమోసాన్ రేణువులకే సి3 అంటుకుపోతుందని అనుకోవడం తేలిక. పిల్లెమర్ అంత తేలికగా తీసుకోలేదు. సీరంలో జైమోసాన్ కలిపి శరీర ఉష్ణోగ్రత, అంటే 37 డిగ్రీల దగ్గర ఉంచితే సి3 పోతోంది. అదే మిశ్రమాన్ని 17 డిగ్రీల చల్లదనంలో ఉంచితే సి3 చెక్కుచెదరడం లేదు. ఇక్కడిదాకా ఎవరైనా చూడగలిగేదే. చల్లదనంలో ఉంచిన సీరంలోంచి జైమోసాన్‌ను వడకట్టి తీసేసి, ఆ సీరాన్ని మళ్ళీ 37 డిగ్రీలకు తెచ్చి, కొత్త జైమోసాన్ వేశాడు. ఈసారి సి3 పోవాలి కదా! పోలేదు.

అంటే సి3ని పడగొట్టడానికి జైమోసాన్‌కు సీరంలోనే ఇంకేదో సాయం ఉండాలి. చల్లదనంలో ఆ సాయం చేసేది మొదటి విడత జైమోసాన్‌కు అంటుకుని, దానితోపాటే బయటికి వెళ్ళిపోయి ఉండాలి. గాఢమైన ఉప్పు ద్రావణంతో ఆ జైమోసాన్‌ను కడిగితే అంటుకున్నది ఊడి వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి, ఇందాకటి చేవ చచ్చిన సీరంలో కలిపితే పోయిన శక్తి తిరిగి వచ్చింది. అదే ప్రాపర్డిన్. దీనికి తోడుగా వేడికి చెడిపోయే ఫ్యాక్టర్ బి, హైడ్రజీన్‌కు చెడిపోయే ఫ్యాక్టర్ ఎ అనే మరో రెండు అంశాలూ కావాలని ఆయన బృందం చూపించింది.

కబురు ప్రయోగశాలల్లో ఆగలేదు. దినపత్రికలూ వారపత్రికలూ అందుకున్నాయి. అంటువ్యాధుల మీద సహజంగా పనిచేసే మందు దొరికినట్టేనన్న ఆశ పాకింది. శాస్త్రవేత్త మాట జనం నోట పడితే జరిగేదే ఇక్కడా జరిగింది. రుజువు కంటే ఆశ ముందు నడిచింది.

నెల్సన్ వేసిన ప్రశ్న

రాబర్ట్ నెల్సన్ కూడా కాంప్లిమెంట్‌నే తవ్వుతున్నవాడు. పిల్లెమర్ ప్రయోగాల ఫలితాలు తప్పని ఆయన అనలేదు. వాటికి చెప్పిన అర్థం తప్పన్నాడు. ఆయన విమర్శ 1958లో ‘జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ మెడిసిన్’లో అచ్చయింది.

ఆయన వాదన సూటిగా ఉంది. ఈస్ట్ మనిషికి కొత్తదేం కాదు. దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలు మామూలు సీరంలో కొద్దికొద్దిగా ఉండనే ఉంటాయి. చల్లదనంలో జైమోసాన్‌కు అంటుకుంటున్నది ఆ యాంటీబాడీలే ఎందుకు కాకూడదు? యాంటీబాడీ తగులుకోవడానికి వెచ్చదనం అక్కర్లేదు, ఆపైన కాంప్లిమెంట్ నడవడానికి మాత్రం కావాలి. అప్పుడు 17 డిగ్రీల కిటుకంతా బోర్డే పాత దారిలోనే ఇమిడిపోతుంది. కొత్త ప్రోటీనూ అక్కర్లేదు, రెండో దారీ అక్కర్లేదు.

దీనికి తిరుగులేని జవాబు చెప్పాలంటే మచ్చుకైనా యాంటీబాడీ లేని ప్రాపర్డిన్ చేతిలో ఉండాలి. ఆనాటి శుద్ధి పద్ధతులకు అది అందలేదు. అంతకంటే లోతైన చిక్కు ఒకటి ఉంది, నెల్సన్ వాదనకు బలం వచ్చింది అక్కడే. యాంటీబాడీ లేకపోతే ఎదుట ఉన్నది పరాయిదని గుర్తుపట్టేది ఎవరు? ప్రాపర్డిన్ ఒక్కటే ఈస్ట్‌నూ బాక్టీరియానూ వైరస్‌నూ గుర్తుపడుతుందంటే నమ్మడం కష్టం. గుర్తుపట్టకుండానే దాడి చేస్తుందంటే, మన కణాల మీద పడదేం? పిల్లెమర్ దగ్గర దీనికి సమాధానం లేదు. ఆ కాలంలో మరెవరి దగ్గరా లేదు.

నెల్సన్ వ్యాసం అచ్చయ్యేనాటికి పిల్లెమర్ లేడు. 1957 ఆగస్టు 31న, యాభై ఏళ్ళయినా నిండకుండానే, బార్బిట్యురేట్ మందు మోతాదు మించి ఆయన చనిపోయాడు. ఆయన పోయాక వాదన ఒక పక్కకే ఒరిగింది. ప్రాపర్డిన్ మీద పనిచేస్తానన్నవాళ్ళు తగ్గిపోయారు, ఆ పేరెత్తితే పెదవి విరిచేవాళ్ళు పెరిగారు.

పట్టు విడవని శిష్యుడు

పెదవి విరవని వాడు ఇర్విన్ లెపోవ్. 1954 వ్యాసం రాసిన ఆరుగురిలో ఆయనా ఒకడు, పిల్లెమర్ దగ్గరే ఎదిగాడు. గురువు తరఫున వాదనకు దిగే బదులు ప్రోటీన్‌ను శుద్ధి చేసే పని కొనసాగించాడు. 1968లో జాక్ పెన్‌స్కీ, లెపోవ్, వారి సహచరులు బాగా శుద్ధి చేసిన ప్రాపర్డిన్ లక్షణాలను ప్రకటించారు. అది యాంటీబాడీ జాతికి చెందినది కాదు, విడి ప్రోటీన్. నెల్సన్ సందేహానికి సగం జవాబు దొరికింది.

మిగతా సగం అసలు ప్రాపర్డిన్ జోలికే వెళ్ళనివాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పుట్టుకతోనే సి4 అనే కాంప్లిమెంట్ భాగం లేని గినీ పందులు బయటపడ్డాయి. సి4 లేకపోతే బోర్డే దారి మొదట్లోనే తెగిపోతుంది. అయినా వాటి సీరంలో బాక్టీరియా విషమైన ఎండోటాక్సిన్ కలిపితే సి3తోపాటు దాని తర్వాతి భాగాలన్నీ ఖర్చయిపోయాయి. దారి తెగినా గమ్యం చేరారంటే ఇంకో దారి ఉన్నట్టే. మైకేల్ ఫ్రాంక్ బృందం 1971లో ఈ సంగతి ప్రకటించింది.

మూడో సాక్ష్యం నాగుపాము నుంచి వచ్చింది. దాని విషం సీరంలోని కాంప్లిమెంట్‌ను చంపేస్తుందని సైమన్ ఫ్లెక్స్‌నర్, హిదెయో నొగుచి 1903లోనే చూశారు. కారణం డెబ్భై ఏళ్ళ దాకా సరిగా తెలియలేదు. కాలిఫోర్నియాలోని లా హోయాలో హాన్స్ మ్యూలర్-ఎబర్‌హార్డ్, ఒట్టో గోట్జె ఆ విషంలోని ప్రోటీన్‌ను ఎరగా వేసి, సీరంలో దానితో జతకట్టేది ఏదని వెతికారు. దొరికిన దానికి తమకు తోచిన పేరు పెట్టారు. బోస్టన్‌లో చెస్టర్ ఆల్పర్ వేరే పనిలో ఉండగా ఒక సీరం ప్రోటీన్‌కు ఇంకో పేరు పెట్టాడు. ఆ రెండూ ఒకటేనని, రెండూ కలిసి పిల్లెమర్ ఏనాడో చెప్పిన ఫ్యాక్టర్ బియేనని తేలింది. ఆయన చెప్పిన ఫ్యాక్టర్ ఎ చివరికి సి3గానే తేలింది. 1971లో గోట్జె, మ్యూలర్-ఎబర్‌హార్డ్ ఈ మార్గాన్ని ప్రత్యామ్నాయ మార్గం అనే పేరుతో లోకం ముందు పెట్టారు. పద్నాలుగేళ్ళ కిందట కన్నుమూసిన మనిషి మాట నిలబడింది.

ఎప్పుడూ ఆగని ఇంజన్

పాత ప్రశ్న మాత్రం అలాగే ఉంది. యాంటీబాడీ లేకుండా ఈ దారిని మొదలుపెట్టేది ఎవరు?

ఒక రోగి శరీరం నుంచే సమాధానం వచ్చింది. చిన్నప్పటి నుంచీ బాక్టీరియా జబ్బులతో సతమతమవుతున్న ఆయన్ను ఆల్పర్, ఫ్రెడ్ రోజెన్ బృందం పరీక్షించింది. ఒంట్లో సి3 తయారవుతోంది గానీ నిలవడం లేదు, తయారైంది తయారైనట్టే ముక్కలైపోతోంది. సి3ని పగలగొట్టే శత్రువు ఏదైనా అదనంగా వచ్చిందా అని చూస్తే అలాంటిదేమీ లేదు. మామూలు మనుషుల్లో ఉండి ఆయనలో లేనిది ఒకటుంది. ఇప్పుడు దాన్ని ఫ్యాక్టర్ ఐ అంటున్నాం. కళ్ళెం లేకపోవడంతో సి3 దానంతట అదే కరిగిపోయింది. 1975లో శుద్ధి చేసిన ఆ ప్రోటీన్‌ను ఆయనకు ఎక్కిస్తే ఈ మార్గం మళ్ళీ గాడిన పడింది.

ఈ పనిలో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త పీటర్ లాక్‌మన్ కూడా భాగస్వామి. కళ్ళెం తీసేస్తే చాలు పరుగు మొదలవుతోందంటే, పరుగు ఎప్పుడూ లోలోపల సాగుతూనే ఉండాలి కదా అని ఆయన ఆలోచించాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆటో డ్రైవర్ ఇంజన్ ఆపడు. బండి కదలకపోయినా ఇంజన్ సన్నగా తిరుగుతూనే ఉంటుంది, పచ్చదీపం పడగానే యాక్సిలరేటర్ తిప్పడమే తరువాయి. రక్తంలో సి3 కూడా అలాగే తిరుగుతోందని లాక్‌మన్ 1970లలో ప్రతిపాదించాడు.

ఆ తిరుగుడు ఎలా సాగుతుందో తర్వాతి పదేళ్ళలో తేలింది. మన సీరంలో లీటరుకు ఒక గ్రాము పైచిలుకు సి3 ఉంటుంది. ప్రతి సి3 అణువు లోపలా థయోఎస్టర్ అనే బంధం ఒకటి దాగి ఉంటుంది. క్రిమి ఉన్నా లేకున్నా, కొన్ని అణువుల్లోకి నీరు చొరబడి ఆ బంధాన్ని విప్పుతూ ఉంటుంది. విప్పుకున్న సి3ని ఫ్యాక్టర్ బి పట్టుకుంటుంది. ఫ్యాక్టర్ డి అనే ఇంకో ప్రోటీన్ వచ్చి ఆ బిని కోస్తుంది. అక్కడితో కత్తెర లాంటి ఎంజైమ్ ఒకటి తయారై చుట్టుపక్కల సి3ని సి3ఎ, సి3బి అనే రెండు ముక్కలు చేస్తుంది. దీనికి మెగ్నీషియం కావాలి, పిల్లెమర్ 1954లో చెప్పినట్టే.

ఇప్పుడు సి3బి ముక్కకు థయోఎస్టర్ బయటపడి ఉంటుంది. సెకనులో వెయ్యో వంతు కూడా నిలవని ఆ కాస్త వ్యవధిలో ఎదురుగా ఏ ఉపరితలం ఉంటే దానికి గట్టిగా అతుక్కుంటుంది. అది బాక్టీరియానా మన కణమా అని చూసుకోదు. అతుక్కున్న చోట మళ్ళీ ఫ్యాక్టర్ బిని చేర్చుకుంటుంది, డి మళ్ళీ కోస్తుంది, ఇంకో ఎంజైమ్ తయారవుతుంది, అది మరిన్ని సి3లను ముక్కలు చేస్తుంది. ఫలితం తిరిగి కారణమై కూర్చుంటుంది. అడ్డు లేకపోతే నిమిషాల్లో ఒక బాక్టీరియా ఒళ్ళంతా లక్షల సి3బిలు పరుచుకుంటాయి. వాటిని పట్టుకుని తెల్ల రక్తకణాలు ఆ బాక్టీరియాను మింగుతాయి. మిగిలిన దాన్ని సి5 నుంచి సి9 దాకా ఉన్న ప్రోటీన్లు కలిసి పొరకు రంధ్రం పొడిచి చంపుతాయి.

ప్రాపర్డిన్ పని ఏమిటో 1975లో హార్వర్డ్‌లో డగ్లస్ ఫియరాన్, ఫ్రాంక్ ఆస్టెన్ చూపించారు. ఆ ఎంజైమ్ దానంతట అది ఉంటే ఒకటిన్నర నిమిషంలో సగం విడిపోతుంది. ప్రాపర్డిన్ దాన్ని పట్టి ఉంచితే అంతకు ఎన్నో రెట్లు ఎక్కువసేపు నిలుస్తుంది. పిల్లెమర్ అనుకున్నట్టు అది కథను మొదలుపెట్టదు. మొదలైన దాన్ని నిలబెడుతుంది.

గొర్రె రక్తం, కుందేలు రక్తం

ఇక ఆ పాత ప్రశ్నలో రెండో సగం. ఏది కనబడితే దానికి అతుక్కునే సి3బి మనల్ని ఎందుకు తినెయ్యదు?

మనిషి సీరంలో యాంటీబాడీ ప్రమేయం లేకుండా కుందేలు ఎర్రకణాలు వేస్తే పగిలిపోతాయి. గొర్రె కణాలు వేస్తే నిక్షేపంగా ఉంటాయి. రెండిటి మీదా సి3బి పడుతుంది. తేడా ఉపరితలంలో ఉంది. గొర్రె కణాల మీద సియాలిక్ ఆమ్లం దట్టంగా ఉంటుంది, కుందేలు కణాల మీద తక్కువ. 1978లో ఫియరాన్ గొర్రె కణాల మీది సియాలిక్ ఆమ్లాన్ని తొలగించి చూశాడు. అంతవరకూ భద్రంగా ఉన్న కణాల మీద ప్రత్యామ్నాయ మార్గం విరుచుకుపడింది.

మధ్యలో పనిచేసే ప్రోటీన్ ఫ్యాక్టర్ హెచ్. దాన్ని 1965లోనే ఉల్ఫ్ నిల్సన్, మ్యూలర్-ఎబర్‌హార్డ్ వేరుచేశారు గానీ, ఏం చేస్తుందో తెలియడానికి పదేళ్ళు పైనే పట్టింది. సియాలిక్ ఆమ్లం ఉన్న ఉపరితలం మీద సి3బి పడితే హెచ్ వచ్చి దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అక్కడున్న ఎంజైమ్‌ను విడదీస్తుంది. తర్వాత ఫ్యాక్టర్ ఐ చేత సి3బిని కోయించి, ఇక ఎంజైమ్‌గా మారలేని ముక్కగా చేస్తుంది. దీనికి తోడు మన కణాల పొరల మీదే సిడి55, సిడి46 వంటి కాపలా ప్రోటీన్లు ఉంటాయి. బాక్టీరియా మీద ఇవేవీ ఉండవు. అక్కడ హెచ్ పట్టు జారుతుంది, ప్రాపర్డిన్ పట్టు బిగుస్తుంది.

యాభైలలో అందరూ ప్రశ్నను తలకిందులుగా వేసుకున్నారని ఇక్కడ బోధపడుతుంది. పరాయిదాన్ని గుర్తుపట్టేది ఎవరని వాళ్ళు వెతికారు. ఈ మార్గం పరాయిదాన్ని గుర్తుపట్టదు. అందరి మీదా పడుతుంది, తన వాళ్ళను మాత్రం గుర్తుపట్టి వదిలేస్తుంది. విచక్షణ అంతా దాడిలో లేదు, దాడిని ఆపడంలో ఉంది. అందుకే ముందెప్పుడూ చూడని క్రిమి మీద కూడా ఇది పనిచేస్తుంది.

నాగుపాము విషం గుట్టు కూడా ఇదే. అందులోని ప్రోటీన్ సి3బికి దగ్గరి పోలిక. మన ఫ్యాక్టర్ బితో జతకట్టి ఎంజైమ్ తయారుచేస్తుంది గానీ, మన హెచ్‌కూ ఐకీ లొంగదు. గంటల తరబడి కోస్తూనే ఉండి సి3ని ఖాళీ చేస్తుంది.

ఈ కిటుకును క్రిములూ నేర్చాయి. నవజాత శిశువులకు ప్రమాదకరమైన గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ తన పై తొడుగులో సియాలిక్ ఆమ్లాన్నే పెట్టుకుంది. మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్ మనిషి ఫ్యాక్టర్ హెచ్‌నే తన ఒంటికి తగిలించుకుంటుంది. అందుకు అది వాడే ప్రోటీన్‌ను గురి చేసుకుని తయారైనవే గ్రూప్ బి మెనింగోకాకస్ టీకాలు. దొంగ వేసుకున్న వేషం పట్టించే గుర్తుగా మారింది.

ఆ మెనింగోకాకసే పిల్లెమర్ వైపు చివరి సాక్ష్యం పలికింది. 1982లో స్వీడన్‌లో అండర్స్ షోహోల్మ్, ఆయన సహచరులు ఒక కుటుంబాన్ని వర్ణించారు. ఆ ఇంటి మగవాళ్ళలో కొందరికి ఆ జబ్బు ఉప్పెనలా ముంచుకొచ్చింది. వాళ్ళ రక్తంలో ప్రాపర్డిన్ లేదు. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం వల్ల లోపం మగవాళ్ళలో బయటపడింది. ప్రాపర్డిన్ ఉందా, ఉంటే మనిషికి అవసరమా అన్న వాదనకు అక్కడితో తెరపడింది. దానికి రెండేళ్ళ ముందు, 1980లో, అమెరికా ఇమ్యునాలజిస్టుల సంఘం అధ్యక్షోపన్యాసానికి లెపోవ్ ఎంచుకున్న విషయం తన గురువూ, ప్రాపర్డినూ, శాస్త్రంలో వివాదాలూను.

పిల్లెమర్ ప్రతి మాటా నిజం కాలేదు. ప్రాపర్డిన్‌కు ఆయన ఇచ్చిన స్థానం పెద్దది, అసలు స్థానం చిన్నది. నెల్సన్ అడిగింది అడగాల్సిన ప్రశ్నే, ఆ ఒత్తిడి లేకపోతే 1968 నాటి శుద్ధి అంత నిక్కచ్చిగా జరిగేది కాదు. కానీ చూసింది నిజమైనప్పుడు, దానికి వివరణ ఇంకా అందలేదన్న కారణంతో చూసినదాన్నే కొట్టిపారేస్తే ఎంత కాలం వృథా అవుతుందో లెక్కకట్టడానికి ఈ పద్నాలుగేళ్ళు చాలు.

కళ్ళేల విలువ తెలిశాక వైద్యులు వాటి లోపాల కోసం వెతకడం మొదలుపెట్టారు. ఫ్యాక్టర్ హెచ్ గాడి తప్పితే కిడ్నీలు దెబ్బతినే జబ్బు ఒకటి బయటపడింది. 2005లో ‘సైన్స్’ పత్రికే మూడు బృందాల వ్యాసాలు ఒకేసారి ప్రకటించింది. హెచ్‌లో 402వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లం మారితే ముసలితనంలో చూపు పోయే ముప్పు పెరుగుతుందని వాటి సారాంశం. ఈ దారికి మందులతో కళ్ళెం వేయడం సాధ్యమేనా, వేస్తే క్రిములకు తలుపు తీసినట్టు కాదా? వచ్చే భాగం ఆ బేరం గురించి.

(సశేషం)